సకురా పువ్వు – అనిచ్చ పాఠం

జపాన్‌లో చెర్రీ చెట్టును సకురా అంటారు. పండ్ల కోసం కాదు, పూల కోసమే పెంచుతారు. అక్కడ ఎక్కువగా కనిపించే రకం సోమెయ్ యోషినో. ఆకు రాకముందే కొమ్మ నిండా పువ్వు వస్తుంది. ఐదు రేకులు, దాదాపు తెలుపనిపించే లేత గులాబీ రంగు. ఈ రకం చెట్లన్నీ అంటుకట్టి పెంచినవే. అందుకే ఒక ఊళ్ళో చెట్లన్నీ ఇంచుమించు ఒకేసారి పూస్తాయి, ఒకేసారి రాలతాయి. నిండుగా విచ్చుకున్న పూలు నిలిచేది వారం రోజులే. గాలివాన వస్తే అదీ లేదు.

ఇంత అందమైన పువ్వుకి వాసన చాలా తక్కువ. సకురా వాసనగా పేరుపడ్డది ఎక్కువగా ఆకుది. ఆకుల్ని ఉప్పులో ఊరబెడితే కౌమరిన్ అనే పదార్థం విడుదలై కమ్మటి వాసన వస్తుంది. ఆ ఆకు చుట్టి చేసే మిఠాయే సకురామోచి.

పూలు విచ్చుకోగానే జనం చెట్ల కింద చేరి కూర్చుంటారు. దీన్ని హనామి అంటారు. రేపటికి ఉండదని తెలుసు కాబట్టే ఈరోజు చూస్తారు. 12వ శతాబ్దపు బౌద్ధ భిక్షువు, కవి సైగ్యో ఈ పూల మీద ఎన్నో కవితలు రాశాడు. అనిచ్చ, అంటే అనిత్యత, అక్కడ సామాన్యులకి ఈ పువ్వు ద్వారా కూడా అందింది.

కానీ ఇదే పువ్వును యుద్ధానికీ వాడుకున్నారు. చక్రవర్తి కోసం చెర్రీ పువ్వులా రాలిపోవడమే గొప్పదని సైనిక పాలకులు యువకులకు నూరిపోశారు. 1945లో మనిషిని లోపల కూర్చోబెట్టి శత్రువుల ఓడల మీదికి వదిలిన రాకెట్ బాంబు పేరు 'ఓకా'. అంటే చెర్రీ పువ్వు. అందులో ఎక్కినవాడికి తిరిగొచ్చే దారి లేదు.

మిత్రులారా, ఇది అనిచ్చ అవుతుందా? కాదు. పువ్వు తన కాలం తీరి రాలింది. ఆ కుర్రాళ్ళని రాల్చేశారు. బుద్ధుని చివరి బోధలో రెండు మాటలున్నాయి. సంస్కారాలన్నీ నశించేవే అన్నది ఒకటి, అప్రమత్తంగా సాధన చెయ్యండి అన్నది రెండోది. మొదటిది చెప్పి రెండోది దాచేస్తే అది ధమ్మం కాదు. బతుకు కొద్దికాలమే కాబట్టి ప్రాణం చవక అనేది పాలకుల మాట. కొద్దికాలమే కాబట్టి ప్రతి ప్రాణం మీదా మైత్రి చూపమనేది ధమ్మం. పంచశీలలో మొదటి శీలం కూడా అదే.

చర్చించండి: త్యాగం చెయ్యమని మనకి చెప్పేవాళ్ళు తాము ఏం వదులుకుంటున్నారు? మన త్యాగం వల్ల లాభం ఎవరికి?