పాఠం: వదులు – బిగుతు

పిల్లలూ, పైకి చదవండి.

నాన్న డర్ట్ బైక్‌ని స్టాండు మీద పెట్టారు. అఖిల్ వెనక చక్రం పట్టుకుని అటూ ఇటూ ఊపాడు. లొడలొడ!

"నాన్నా, ఈరోజే రేసు. ఇలాగే వెళ్దామా?"

"వద్దురా కన్నా. చక్రాన్ని పట్టుకునే చెయ్యి ఈ స్వింగార్మ్. దీని బేరింగుల్లోకి బురదనీళ్లు పోయాయి. గ్రీజు లేక అరిగి వదులయ్యాయి. జంప్ చేస్తే బండి అదుపు తప్పచ్చు."

అఖిల్‌కి ఏడుపొచ్చింది. అయినా రేసు మానేశాడు.

చక్రం తీశారు. బోల్టు లాగి స్వింగార్మ్ ఊడదీశారు. పాత బేరింగులు బయటికి నొక్కారు. కొత్తవి కాసేపు ఫ్రీజర్‌లో పెట్టారు. ఉక్కు చల్లబడితే రవ్వంత చిన్నదవుతుంది, సులువుగా లోపలికి దిగుతుంది. గ్రీజు రాసి, అన్నీ బిగించారు.

అఖిల్ మళ్లీ ఊపాడు. చప్పుడే లేదు!

చెప్పండి:
1. లొడలొడ ఎందుకు వచ్చింది?
2. ఫ్రీజర్‌లో ఎందుకు పెట్టారు?
3. మీ ఇంట్లో ఏది వదులుగా ఉంది? ఏది బిగుతుగా ఉంది?