పాలసీలో ఉన్న చెకప్‌ను అడిగి చేయించుకోండి
కోటవురట్ల మండలంలోని చిన్న వ్యాపారులకు, వారి దగ్గర పనిచేసేవారికి: తరచూ అడిగే ప్రశ్నలు

ఎరువుల కొట్టు, బట్టల షాపు, రైసు మిల్లు, బళ్ల రిపేరు షెడ్డు. మన మండలంలో వ్యాపారమంటే ఎక్కువగా ఇవే, నలుగురైదుగురు పనివారితో నడిచేవి. ఏటా ప్రీమియం కట్టి, పాలసీ కాగితం బీరువాలో పెట్టేసే షావుకార్లు ఉన్నారు. అందులో ఉచిత ఆరోగ్య పరీక్షలు కూడా ఉండొచ్చన్న సంగతి పనివారి దాకా చేరకపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

మా కొట్టులో పనివారికి బీమా కట్టి తీరాలా?

పదిమంది గానీ అంతకు మించి గానీ ఉంటే ఈఎస్ఐ (కార్మిక రాజ్య బీమా) తప్పదు. నెల జీతం 21,000 రూపాయల లోపు ఉన్నవారంతా (దివ్యాంగులైతే 25,000) అందులోకి వస్తారు. యజమాని వాటా జీతంలో 3.25 శాతం, పనివారి వాటా 0.75 శాతం. 12,000 జీతానికి షావుకారు 390, పనివారు 90 కట్టాలి. షావుకారు వాటాను జీతంలోంచి కోయకూడదు. పదిమంది కంటే తక్కువుంటే సాధారణంగా బలవంతం లేదు. పనివారందరికీ కలిపి గ్రూపు ఆరోగ్య పాలసీ తీసుకోవడం మీ ఇష్టం.

వెల్‌నెస్ ప్రయోజనం అంటే ఏమిటి?

జబ్బు రాకముందే పనికొచ్చేది. ఏడాదికోసారి రక్తపరీక్షలు, బీపీ, షుగరు చూడటం, డాక్టరుతో ఫోనులో మాట్లాడటం, నడకకు పాయింట్లు ఇవ్వడం లాంటివి. వీటికి బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2020 సెప్టెంబరులో మార్గదర్శకాలు ఇచ్చింది. అయితే ప్రతి పాలసీలోనూ ఇవి ఉండవు. ఉన్నాయా లేవా అన్నది షెడ్యూలు పేజీలో రాసి ఉంటుంది.

చెకప్ ఎలా అడగాలి?

షావుకారు దగ్గర పాలసీ నంబరు, మీ హెల్త్ కార్డు తీసుకోండి. బీమా సంస్థ టోల్‌ఫ్రీ నంబరుకు ఫోను చేసి, నర్సీపట్నంలో ఏ ల్యాబ్‌తో ఒప్పందం ఉందో అడగండి. 2022 ఏప్రిల్‌లో మనం విశాఖ జిల్లా నుంచి అనకాపల్లి జిల్లాలోకి వచ్చాం. ల్యాబ్‌ల జాబితా వెతికేటప్పుడు రెండు జిల్లాల పేర్లతోనూ చూడండి. దగ్గర్లో ల్యాబే లేదంటే మీ ప్రాంతానికి వేరే ఏర్పాటు ఏముందో రాతపూర్వకంగా అడగండి. షావుకార్లకు ఒక మాట: పరగడుపున రక్తం ఇవ్వాల్సిన రోజు ఒక పూట సెలవివ్వండి, కూలి కోయకండి. కూలి పోతుందంటే ఉచిత పరీక్షకైనా ఎవరూ వెళ్లరు.

నా రిపోర్టు షావుకారు చూడొచ్చా?

మీ రిపోర్టు మీది. ప్రీమియం కట్టినంత మాత్రాన దాన్ని చూపించమనే హక్కు షావుకారుకు రాదు. రిపోర్టు మీ ఫోనుకో, మీ చేతికో రావాలి. వాట్సాప్ గ్రూపులో అందరి రిపోర్టులూ పెట్టడం చాలా తప్పు. హెచ్ఐవీ విషయంలో 2017 చట్టం మరీ స్పష్టంగా ఉంది: ఉద్యోగమివ్వడానికి ఆ పరీక్ష చేయించుకు రమ్మని అడగకూడదు, ఆ కారణంతో పనిలోంచి తీసేయకూడదు. నాలుగు వీధుల ఊళ్లో ఒకరి జబ్బు సంగతి బయటికొస్తే పెళ్లి సంబంధాల దాకా పోతుంది. షావుకార్లు ఇక్కడే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి.

షుగరు బయటపడితే? పని మానేస్తే?

పాలసీ నడుస్తుండగా కొత్తగా బయటపడిన జబ్బును దాచిపెట్టిన జబ్బుగా లెక్కకట్టరు. పని మానేసినప్పుడు అదే బీమా సంస్థలో సొంత పాలసీకి మారొచ్చు. అప్పటిదాకా గడిచిన వెయిటింగ్ పీరియడ్ (కొన్ని జబ్బులకు కవరు మొదలయ్యేదాకా ఆగాల్సిన కాలం) కలిసొస్తుంది. గ్రూపు కవరు ముగియకముందే దరఖాస్తు పెట్టండి.

పనిలో ప్రమాదం జరిగితే ఈ ఆరోగ్య పాలసీయే సరిపోతుందా?

సరిపోదు. 2025 ఏప్రిల్ 13న మన మండలం కైలాసపట్నంలో బాణసంచా తయారీ కేంద్రం పేలి ఎనిమిది మంది చనిపోయారు. పనిలో ప్రాణం పోతే కుటుంబానికి దక్కాల్సింది ఆసుపత్రి బిల్లు కాదు, పరిహారం. ఈఎస్ఐ ఉంటే ఆధారపడినవారికి పింఛను వస్తుంది. లేకపోతే పరిహారం చెల్లించాల్సిన బాధ్యత యజమానిదే. ఉచిత చెకప్ చూపించి ఈ బాధ్యత తప్పించుకోలేరు.

బీమా ఏదీ లేనివారు?

ముప్పై ఏళ్లు దాటినవారికి గ్రామంలోని ప్రభుత్వ హెల్త్ క్లినిక్‌లో బీపీ, షుగరు ఉచితంగా చూస్తారు.

ఇస్తామన్న చెకప్ ఇవ్వకపోతే?

ముందు బీమా సంస్థ ఫిర్యాదుల విభాగానికి రాయండి. అక్కడ పని జరగకపోతే ఐఆర్‌డీఏఐ బీమా భరోసా నంబరు 155255కు ఫోను చేయండి. ఆపైన హైదరాబాద్‌లో బీమా అంబుడ్స్‌మన్ (ఫిర్యాదులు తేల్చే అధికారి) ఉన్నారు. అక్కడ ఫీజు లేదు, వకీలూ అక్కర్లేదు.

షావుకార్లూ, ఈ వారం బీరువా తీసి పాలసీ షెడ్యూలు చదవండి. అందులో చెకప్ ఉంటే పనివారికి ఆ మాట చెప్పండి. ఏడాదిలో వాడుకోని చెకప్ సాధారణంగా మరుసటి ఏడాదికి కలవదు.