నెత్తురొస్తోందని బ్రష్ మానేస్తారటే!

కాకినాడ

చిన్నితల్లికి,

నీకు ఐదో నెల వచ్చిందనీ, వేవిళ్లు కాస్త తగ్గి నాలుగు మెతుకులు తినగలుగుతున్నావనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సంతోషం. ఆ వెంటనే ఇంకో మాటా చెప్పింది. పళ్లు తోముకుంటుంటే నెత్తురు పడుతోందట. భయమేసి నువ్వు బ్రష్ పక్కన పడేసి, రెండు మూడు వారాలుగా వేలికి పేస్టు రాసుకుని పుక్కిలించి ఊరుకుంటున్నావట. ఇదేం తెలివే? పళ్ల డాక్టరు మేనకోడలివి! సరేలే, తిట్టను. ఫోన్లో చెబితే సగం విని ‘ఊఁ’ అంటావని కాగితం పట్టుకున్నా. తీరిగ్గా చదువు. అల్లుడి చేత కూడా చదివించు.

ముందు ఆ భయం వదిలెయ్. నూటికి అరవై నుంచి డెబ్బై అయిదు మంది గర్భిణులకు ఈ చిగుళ్ల వాపు ఉంటుందని అమెరికా ఆరోగ్య శాఖ వాళ్ల అంచనా. మా పళ్ల విభాగానికి వచ్చే కడుపుతో ఉన్న పిల్లల్ని చూసినప్పుడు నాకూ దాదాపు అలాగే అనిపించేది. రెండో నెలలో మొదలవుతుంది, ఎనిమిదో నెల దాకా పెరుగుతుంది, ఆ పైన తగ్గుముఖం పడుతుంది. 1963లో హెరాల్డ్ లో, సిల్నెస్ అనే ఇద్దరు డాక్టర్లు గర్భిణుల నోళ్లు పరీక్షించి ఈ సంగతి రాశారు. వాళ్లకు చిత్రంగా తోచింది ఏమిటంటే, పళ్ల మీద ఉన్న పాచికీ చిగుళ్ల వాపుకీ లెక్క సరిపోలేదు. పాచి కాస్తే, వాపు మాత్రం బోలెడు. మధ్యలో ఇంకేదో చెయ్యి వేస్తోందన్నమాట.

ఆ చెయ్యి హార్మోన్లది. నెలలు నిండేసరికి నీ ఒంట్లో ప్రొజెస్టెరాన్ మామూలు రోజులకంటే పది రెట్లకు చేరుతుంది. ఈస్ట్రోజెన్ కూడా పెరుగుతుంది. ఈ రెండింటినీ అందుకునే గ్రాహకాలు గర్భాశయంలోనే కాదు, చిగుళ్లలోనూ ఉన్నాయి. ప్రొజెస్టెరాన్ ఎక్కువైతే చిగుళ్లలోని సన్నటి రక్తనాళాలు వెడల్పై, వాటి గోడల్లోంచి నీరు ఊరుతుంది. అందుకే ఉబ్బు, అందుకే ముట్టుకుంటే నెత్తురు. ఇంకో గమ్మత్తు విను. పళ్ల సందుల్లో ప్రివోటెల్లా ఇంటర్మీడియా అనే సూక్ష్మజీవి ఉంటుంది. దాని ఎదుగుదలకు విటమిన్ కె లాంటి పదార్థం కావాలి. అది దొరకనప్పుడు ఈ హార్మోన్లతోనే పని జరుపుకుంటుంది. నీ బిడ్డ కోసం తయారైనదాన్ని అది భోంచేస్తోంది చూడు, ఎంత గడుసుదో!

కానీ హార్మోన్లు జబ్బు పుట్టించవు, ఉన్నదాన్ని రెచ్చగొడతాయి. మూలం పాచే. పాచి లేకపోతే వాటికి పెద్దగా పని దొరకదు. ఇప్పుడు చెప్పు, బ్రష్ మానేసి నువ్వు ఎవరికి సాయం చేస్తున్నావ్?

ఒకసారి వెలుతురులో అద్దం ముందు నిలబడి పెదవి పైకెత్తి చూసుకో. ఆరోగ్యంగా ఉన్న చిగురు కమలా తొక్కలాగా సన్నటి చుక్కచుక్కలుగా, గట్టిగా ఉంటుంది. వాచిన చిగురు నున్నగా మెరుస్తుంది, ముదురెరుపుగా ఉంటుంది. పంటికీ పంటికీ మధ్య కోసుగా ఉండాల్సిన కొన బొద్దుగా పైకి లేచి ఉంటుంది. ఎక్కడైనా ఎర్రగా చిన్న గడ్డ కనబడితే క్యాన్సరని ఏడుస్తూ నాకు ఫోన్ చెయ్యకు. గర్భిణుల్లో కొందరికి వస్తుంది, చాలామందికి కాన్పయ్యాక దానంతటదే పోతుంది. డాక్టరుకు చూపించు, అంతే.

మీ నాయనమ్మ గుర్తుందా? కాన్పుకో పన్ను ఊడుతుందనీ, కడుపులో బిడ్డ ఎముకల కోసం తల్లి పళ్లలోని సున్నం లాగేసుకుంటుందనీ అమ్మ అనేది. పళ్లు కదిలినప్పుడల్లా అదే చెప్పుకుని సర్దిపెట్టుకునేది. బాలింతకు బ్రష్ తగలకూడదని మా ఇంట్లో పథ్యం ఒకటి. నిజానికి తిండిలో కాల్షియం చాలకపోతే బిడ్డకు తల్లి ఎముకల్లోంచి వెళుతుంది తప్ప పళ్లలోంచి కాదు. అమ్మ పళ్లు పోయింది చిగుళ్ల జబ్బుతో. షుగరు కూడా ఉండేది. ఆ రెండూ ఒకదాన్నొకటి ఎగదోసుకున్నాయని ఆ రోజుల్లో ఆవిడకు చెప్పినవాళ్లు లేరు.

ఇక్కడ కాస్త మనసు పెట్టి చదువు, నీకు ముఖ్యమైన సంగతి ఇదే. చిగుళ్ల వాపు ఏళ్ల తరబడి ఉంటే పంటికీ చిగురుకీ మధ్య సందు లోతవుతుంది. మేం మిల్లీమీటర్ల గుర్తులున్న సన్నటి కడ్డీ దింపి కొలుస్తాం. మూడు దాకా ఫరవాలేదు, నాలుగు దాటితే జాగ్రత్త పడతాం. ఆ సందు లోపలి పొర అంతా పుండే. అక్కణ్నుంచి సూక్ష్మజీవులూ, వాటితో పోరాడేందుకు ఒళ్లు తయారుచేసుకునే రసాయనాలూ రక్తంలోకి వెళతాయి. లివరు స్పందించి, ఒంట్లో వాపు ఉందని చెప్పే సీఆర్పీ అనే ప్రొటీన్‌ను పెంచుతుంది. ఆ రసాయనాలే ఇన్సులిన్ పని మందగించేలా చేస్తాయి. షుగరు పెరుగుతుంది. పెరిగిన షుగరు చిగుళ్లను ఇంకా పాడుచేస్తుంది. పైన చెప్పిన హెరాల్డ్ లో గారే 1993లో చిగుళ్ల జబ్బును షుగరు తెచ్చిపెట్టే ఆరో చిక్కు అన్నారు.

నీ విషయంలో ఇంకో మెలిక ఉంది. మాయ నుంచి వచ్చే హార్మోన్లు కూడా ఇన్సులిన్‌కు అడ్డుపడతాయి. అందుకే 24-28 వారాల మధ్య 75 గ్రాముల గ్లూకోజు తాగించి షుగరు చూస్తారు. నీకు ఆ పరీక్ష దగ్గర పడింది. మీ నాన్నకు షుగరు, నాయనమ్మకు షుగరు. అలాంటప్పుడు చిగుళ్ల బరువు కూడా ఎందుకే మీద పెట్టుకోవడం?

మీ నాన్నకు, అదే మా అన్నయ్యకూ చెప్పు. చిగుళ్లకు సరైన వైద్యం చేయిస్తే మూడు నాలుగు నెలల్లో హెచ్‌బీఏ1సీ, అంటే కొన్ని నెలల సగటు షుగరు చెప్పే లెక్క, సగటున 0.4 శాతం పాయింట్ల దాకా తగ్గుతుందని పరిశోధనలన్నీ కలిపి చూసినవాళ్లు తేల్చారు. మందులు మానేసేంత కాదు, కానీ మాత్రతో సంబంధం లేకుండా వచ్చే ఆ కాస్త తగ్గుదల తక్కువదేం కాదు. క్లీనింగ్ చేయిస్తే పళ్లు వదులవుతాయని ఆయన మొండిపట్టు. గార పట్టి గట్టిగా ఉన్నట్టనిపించే పన్ను నిజంగా గట్టిది కాదు. నా మాట వినలేదు, కడుపుతో ఉన్న కూతురు చెబితే వింటాడేమో.

అలాగని ఫోన్లో వీడియోలు చూసి బెంబేలు పడకు. చిగుళ్ల జబ్బుకూ నెలలు నిండకుండా కాన్పు కావడానికీ సంబంధం ఉందని 1996లో ఒక పరిశోధన వచ్చింది, అందరం హడలిపోయాం. 2006లో అమెరికాలో ఎనిమిది వందల మందికి పైగా గర్భిణులతో పెద్ద పరీక్ష చేస్తే, వైద్యం వల్ల తల్లికీ బిడ్డకీ హాని లేదని తేలింది, కానీ ముందస్తు కాన్పులు తగ్గలేదు. చిగుళ్ల జబ్బు వల్ల గుండెజబ్బు వస్తుందనే మాట సంగతీ అంతే. సంబంధం కనబడుతోంది కానీ చిగుళ్లే కారణమని రుజువు కాలేదని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2012లో చెప్పింది. నీ చిగుళ్లకూ షుగరుకూ మేలని చెప్పగలను. దానికి మించి నీకు హామీలు ఇవ్వను.

చెయ్యాల్సింది ఇది. మెత్తటి బ్రష్ కొనుక్కో. కుచ్చు కొసలు చిగురు అంచుకు ఏటవాలుగా ఆనించి నెమ్మదిగా కదుపు. మొదటి వారం నెత్తురొస్తుంది, ఆగకు. వాంతి అయిన వెంటనే మాత్రం తోముకోకు. గ్లాసు నీళ్లలో చెంచాడు వంటసోడా కలిపి పుక్కిలించి, ఓ గంట ఆగు. ఇప్పుడు నీకున్న నెలలే క్లీనింగుకు సుఖమైనవి. తర్వాత వెల్లకిలా పడుకోవడమే కష్టం. మత్తు ఇంజెక్షన్‌కు భయపడక్కర్లేదు. టెట్రాసైక్లిన్ లాంటి యాంటీబయాటిక్ మందులు మాత్రం పనికిరావు, బిడ్డ పళ్లకు రంగు పడుతుంది. నొప్పి మాత్రలు సొంతంగా కొని మింగావో, ఊరుకోను. కడుపుతో ఉన్నానని కుర్చీలో కూర్చోగానే చెప్పు, నీ మందుల చీటీ చూపించు.

అల్లుడికి ఒక మాట. నాకు చిగుళ్లలోంచి ఎప్పుడూ నెత్తురు రాలేదని గొప్పలు పోతాడని విన్నా. సిగరెట్టు తాగేవాళ్ల రక్తనాళాలు కుంచించుకుపోతాయి, లోపల జబ్బున్నా నెత్తురు బయటికి రాదు. నీతోపాటు ఆయన్నీ ఆ కుర్చీలో కూర్చోబెట్టు.

పెరుగన్నం మానకు. రేపు పొద్దున్నే పళ్ల డాక్టరుకు ఫోన్ చేసి ఈ వారంలోనే టైమ్ తీసుకో. ఏ రోజన్నారో రాత్రికి నాకు చెప్పు, నేను మేలుకునే ఉంటా.

నీ
అత్త