దొరికింది సరే, ఎక్కడ దొరికింది?

పదేళ్ళ వయసులో నేను చేసిన ఒక ఘనకార్యంతో మొదలుపెడతాను. వేసవి సెలవుల్లో అమ్మమ్మగారింట్లో, తాతయ్య ట్రంకుపెట్టెలో ఒక చిన్న గుడ్డమూట దొరికింది. విప్పితే మూడు రాగి నాణేలు. రూపాయి బిళ్ళ కన్నా చిన్నవి, అంచులు వంకర, పైనంతా పచ్చగా చిలుము. ఎప్పుడో పొలం దున్నుతుంటే నాగలికి తగిలాయట. అమ్మమ్మ ఇత్తడి బిందెలు ఎలా తోముతుందో చూశాను కదా, నేనూ చింతపండు, ఉప్పు వేసి ఆ మూడింటినీ అరగంట తోమాను. తళతళా మెరిశాయి. తాతయ్య ఏమీ అనలేదు. నవ్వి, మళ్ళీ మూటకట్టి పెట్టేశారు.

చిలుముతో పాటు నాణేల మీద ఉన్న గీతలు కూడా సగం పోయాయని అప్పుడు నాకు తెలీదు. అంతకన్నా పెద్ద తప్పు ఇంకోటి చేశాను. తాతయ్యకి నాలుగు చోట్ల పొలాలుండేవి. ఏ చేలో దొరికాయి అని నేను అడగలేదు. తాతయ్య పోయి మూడేళ్ళయింది.

ఈ సెమిస్టర్ డీబీఎంఎస్ మినీ ప్రాజెక్ట్ కోసం డేటాసెట్ వెతుకుతుంటే ఇదంతా మళ్ళీ గుర్తొచ్చింది. అందరూ లైబ్రరీ మేనేజ్‌మెంట్, హాస్పిటల్ మేనేజ్‌మెంట్ అంటారు, మనం వేరేది చేద్దాం అనుకుని వెతుకుతూ ఇంగ్లండ్ వాళ్ళ డేటాబేస్ ఒకటి దగ్గర ఆగిపోయాను. ప్రాజెక్ట్ సంగతి తర్వాత, ముందు దాని గురించి మీకు చెప్పాలనిపించింది. నాది మొదటినుంచీ ఇంగ్లీష్ మీడియం. తెలుగులో తప్పులుంటే సర్దుకుని చదవండి.

ఏమిటీ పథకం?

ఇంగ్లండ్, వేల్స్‌లో మెటల్ డిటెక్టర్ పట్టుకుని పొలాల్లో తిరగడం ఒక హాబీ. మనవాళ్ళు ఆదివారం క్రికెట్‌కి వెళ్ళినట్టు వాళ్ళు రైతు దగ్గర అనుమతి తీసుకుని చేలల్లోకి వెళ్తారు. చెవులకి హెడ్‌ఫోన్లు, చేతిలో డిటెక్టర్, చిన్న పార. ఎక్కువగా దొరికేవి సీసా మూతలు, తుప్పు మేకులు. అప్పుడప్పుడు మాత్రం రోమన్ల కాలపు నాణెం, బట్టకి పెట్టుకునే పాత పిన్ను, బెల్టు బకిల్ బయటపడతాయి.

ఒకప్పుడు పురావస్తు శాస్త్రవేత్తలకీ వీళ్ళకీ అస్సలు పడేది కాదు. 1980లో శాస్త్రవేత్తలు ‘మా గతాన్ని ఎత్తుకుపోకండి’ అని ఒక ప్రచారమే నడిపారు. వాళ్ళ కోపానికి కారణం ఉంది. సర్రీ ప్రాంతంలో వాన్‌బరో అనే చోట పాత గుడి ఒకటి ఉంది. 1980లలో దొంగ డిటెక్టర్లు దాన్ని రాత్రిళ్ళు తవ్వేసి వేలకొద్దీ నాణేలు పట్టుకుపోయారు. పాత చట్టంతో వాళ్ళని గట్టిగా శిక్షించడం కుదరలేదు. ఎందుకంటే ఆ చట్టం ప్రకారం, వస్తువుని పాతిపెట్టినవాడు మళ్ళీ వచ్చి తీసుకుందామనే ఉద్దేశంతోనే పాతిపెట్టాడని నిరూపించాలి. వెయ్యేళ్ళ కిందటి మనిషి మనసులో ఏముందో కోర్టులో ఎలా నిరూపిస్తారు?

అందుకని 1996లో ట్రెజర్ యాక్ట్ తెచ్చారు. దాని సారాంశం సులువుగా చెప్తాను. 300 ఏళ్ళు దాటిన వస్తువులో బరువుకి కనీసం 10 శాతం బంగారమో వెండో ఉంటే అది ‘ట్రెజర్’. అలాంటి నాణేలైతే ఒకేచోట కనీసం రెండు దొరకాలి. ఇలాంటివి దొరికిన 14 రోజుల్లోపు కరోనర్‌కి చెప్పాలి. మ్యూజియం దాన్ని తీసుకుంటే మార్కెట్ విలువ కట్టి డబ్బిస్తుంది. సాధారణంగా దొరికించుకున్నవాళ్ళకి సగం, పొలం యజమానికి సగం. చెప్పకుండా దాచుకుంటే నేరం.

నాకు ఆశ్చర్యం కలిగించింది రెండో సగం. దొరికేవాటిలో చాలా ఎక్కువ భాగం ‘ట్రెజర్’ కిందికి రావు. ఒంటరి నాణెం, కంచు బకిల్ లాంటివి. వాటిని రిపోర్ట్ చేయమని చట్టం అడగదు. వాటికోసం 1997లో కొన్ని ప్రాంతాల్లో మొదలుపెట్టి, 2003 కల్లా ఇంగ్లండ్, వేల్స్ అంతటికీ పెంచిన పథకమే పోర్టబుల్ యాంటిక్విటీస్ స్కీమ్. ఇంగ్లండ్‌లో దీన్ని బ్రిటిష్ మ్యూజియం చూసుకుంటుంది. ప్రతి ప్రాంతానికీ ఒక ఫైండ్స్ లియెజాన్ ఆఫీసర్ ఉంటారు. మనం వస్తువు తీసుకెళ్తే వాళ్ళు తూచి, కొలిచి, ఫోటో తీసి, కాలం అంచనా వేసి, డేటాబేస్‌లో ఎక్కించి, వస్తువు మళ్ళీ మన చేతికే ఇచ్చేస్తారు. అవును, తిరిగి ఇచ్చేస్తారు. పూర్తిగా స్వచ్ఛందం. అలా ఇప్పటిదాకా ఎక్కినవి 15 లక్షలకు పైనే.

అసలు కాలమ్ ఏది?

ఒక రికార్డ్ తెరిచి చూస్తే వస్తువు రకం, లోహం, బరువు, కొలత, కాలం, దొరికిన తేదీ అన్నీ ఉంటాయి. కానీ మిగతావి ఎంత బాగా నింపినా, ఆ ఒక్కటి లేకపోతే రికార్డ్ విలువ సగానికి పైగా పడిపోయే కాలమ్ ఒకటుంది: ఎక్కడ దొరికింది.

దాన్ని బ్రిటిష్ మ్యాప్ గడుల లెక్కలో రాస్తారు. నాలుగు అంకెలు రాస్తే కిలోమీటరు గడి, ఆరు రాస్తే 100 మీటర్ల గడి, ఎనిమిది రాస్తే 10 మీటర్ల గడి. ఎనిమిది అంకెలైనా ఇవ్వమని అడుగుతారు. ఇప్పుడు ఫోన్ జీపీఎస్‌తో అది పెద్ద పని కాదు. కానీ మనలాంటి వాళ్ళం వెబ్‌సైట్‌లో చూసేటప్పుడు మహా అయితే కిలోమీటరు గడి వరకే కనిపిస్తుంది. పూర్తి అంకెలు పరిశోధకులకి మాత్రమే. ఎందుకో ఊహించండి. పూర్తి లొకేషన్ పెడితే ఆ రాత్రే దొంగలు పారలతో దిగుతారు. యాక్సెస్ కంట్రోల్ ఎందుకు నేర్చుకోవాలో క్లాసులో బ్యాంక్ ఉదాహరణతో చెప్తే నాకు ఎక్కలేదు, ఇది చూశాక ఎక్కింది.

సుత్తి కథ

1992 నవంబర్‌లో సఫోక్‌లో, హాక్సన్ అనే ఊళ్ళో ఒక రైతు సుత్తి చేలో పోయింది. వెతికిపెట్టమని ఎరిక్ లాస్ అనే స్నేహితుణ్ణి అడిగాడు. ఆయన రిటైరైన తోటమాలి. డిటెక్టర్‌తో వెళ్తే సుత్తికి ముందు వెండి చెంచాలు, బంగారు నగలు, నాణేలు దొరికాయి. ఆయన చేసిన గొప్ప పని ఏమిటంటే, తవ్వడం ఆపేశాడు. అధికారులకి కబురు పంపాడు. మర్నాడు పురావస్తు శాస్త్రవేత్తలు వచ్చి మట్టితో సహా జాగ్రత్తగా తీశారు. దాదాపు 15 వేల రోమన్ నాణేలు. అవి ఒక చెక్కపెట్టెలో ఎలా సర్ది పెట్టారో కూడా తెలిసింది. అందులో వెండి మిరియాల డబ్బాలు కూడా ఉన్నాయి. ఆ కాలంలో రోమన్లకి మిరియాలు వెళ్ళింది మన దక్షిణ భారత తీరం నుంచే. అన్నట్టు, సుత్తి కూడా దొరికింది. ఇప్పుడు అదీ బ్రిటిష్ మ్యూజియంలోనే ఉంది.

ఇది ట్రెజర్ యాక్ట్‌కి ముందే జరిగింది. చట్టం నేర్పకుండానే ఒక మనిషి పార పక్కన పెట్టాడు.

ఒకే ఏడాది, రెండు నిధులు

2015లో రెండు నిధులు బయటపడ్డాయి. రెండూ వైకింగ్‌ల కాలానివి, రెండూ 870ల చివర్లో పాతిపెట్టినవి.

మొదటిది ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో, వాట్లింగ్టన్ దగ్గర. దొరికించుకున్నాయన వెంటనే ఆఫీసర్‌కి ఫోన్ చేశాడు. నిపుణులు వచ్చి మట్టిదిమ్మతో సహా ఎత్తుకెళ్ళి ల్యాబ్‌లో విప్పారు. సుమారు 200 నాణేలు, వెండి కడ్డీలు, కడియాలు. ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్‌లోని ఆష్మోలియన్ మ్యూజియంలో ఎవరైనా చూడొచ్చు.

రెండోది హెర్‌ఫర్డ్‌షైర్‌లో, లెమ్‌స్టర్ దగ్గర. దొరికించుకున్న ఇద్దరూ రైతుకీ చెప్పలేదు, నాణేల సంగతి ఆఫీసర్‌కీ చెప్పలేదు. గుట్టుగా అమ్మేశారు. ఫోన్‌లో డిలీట్ చేసిన ఫోటోల్ని పోలీసులు తిరిగి తీస్తే, నేలలో ఉన్నప్పటి నిధి మొత్తం కనిపించింది. 300 దాకా నాణేలు ఉండి ఉంటాయని అంచనా. చేతికొచ్చినవి 30 చిల్లర. 2019లో ఇద్దరికీ జైలుశిక్ష పడింది. అప్పీల్‌లో కొంత తగ్గింది.

నష్టం డబ్బు మాత్రమే అనుకోకండి. ఈ రెండు నిధుల్లోనూ ఒక విచిత్రమైన నాణెం ఉంది. దాని మీద ఇద్దరు చక్రవర్తులు పక్కపక్కన కూర్చుని ఉంటారు. అలాంటిదే వెసెక్స్ రాజు ఆల్ఫ్రెడ్ పేరుతోనూ ఉంది, పక్క రాజ్యం మెర్సియా రాజు కెయోల్‌వుల్ఫ్ పేరుతోనూ ఉంది. ఆల్ఫ్రెడ్ పక్షంవాళ్ళు రాసిన చరిత్రలో ఈ కెయోల్‌వుల్ఫ్ వైకింగ్‌ల చేతిలో కీలుబొమ్మ, తెలివితక్కువవాడు. నాణేలేమో ఇద్దరూ కలిసి పనిచేశారంటున్నాయి. అంటే గెలిచినవాళ్ళు రాసిన పుస్తకం నుంచి ఒక రాజుని పక్కకి నెట్టేశారన్నమాట. ఇంకో రెండొందల డెబ్బై నాణేలు ఏం చెప్పి ఉండేవో, అవి ఎవరి సొరుగుల్లో ఉన్నాయో.

దొంగల వల్ల దొరికిన రాజధాని

సఫోక్‌లోనే రెండల్‌షమ్ అనే ఊరుంది. అక్కడ తూర్పు ఆంగ్లియా రాజుల నివాసం ఉండేదని ఎనిమిదో శతాబ్దంలో బీడ్ రాశాడు. చోటు మాత్రం ఎవరికీ తెలీదు. 2007 ప్రాంతంలో రాత్రిళ్ళు ఎవరో డిటెక్టర్లతో వచ్చి తన పొలాలు తవ్వుతున్నారని భూస్వామి కౌంటీ అధికారులకి ఫిర్యాదు చేశాడు. వాళ్ళకి అనుమానం వచ్చింది, ఇంతగా తవ్వుతున్నారంటే ఇక్కడేదో ఉంది. అప్పుడు వాళ్ళు చేసిన పని చూడండి. నలుగురు నమ్మకమైన డిటెక్టరిస్టుల్నే పిలిచి, ఏళ్ళ తరబడి చేలన్నీ వరుసగా జల్లెడ పట్టించారు. ప్రతి వస్తువుకీ జీపీఎస్ పాయింట్ పెట్టించారు. వేల పాయింట్లు మ్యాప్ మీద పెడితే ఎక్కడ నగలు చేశారో, ఎక్కడ జనం మసిలారో తెలిసింది. ఆ మ్యాప్ చూసుకుని తవ్వితే 2022లో 23 మీటర్ల పొడవున్న రాజమందిరం పునాది ఆనవాళ్ళు దొరికాయి.

ఏ ఒక్క బకిల్‌కీ అంత విలువ లేదు. వాటన్నిటి చోట్లూ రాసి ఉండబట్టే ఊరు దొరికింది.

దీన్ని ఒప్పుకోని శాస్త్రవేత్తలు ఇప్పటికీ ఉన్నారు. రికార్డ్ చేసినా సరే, తవ్వితే పొరలు చెదురుతాయి, బహుమతి డబ్బు ఆశ పెంచుతుంది అంటారు. అది నిజమే. దానికి అవతలివాళ్ళ జవాబు, ట్రాక్టర్ నాగలి ఎలాగూ తిరగేస్తున్న పైమట్టిలో వస్తువు ఉంటే ఇవాళ రాయకపోతే రేపు ముక్కలే అని. నాకు ఇద్దరి మాటా న్యాయంగానే అనిపించింది.

మన సంగతి

మన దగ్గర ఈ హాబీ లేదు, మొదలుపెట్టమని నేను చెప్పడం కూడా లేదు. మనకున్నది లంకెబిందెల పిచ్చి. గుప్తనిధుల కోసం పాత గుళ్ళలో అర్ధరాత్రి తవ్వి దొరికిపోయిన ముఠా వార్త పేపర్లో చదవనివాళ్ళు మనలో ఎవరున్నారు?

కానీ మనకీ ఒక చట్టం ఉంది, 1878 నాటిది. నేలలో దాగిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టర్‌కి రాతపూర్వకంగా చెప్పాలి. ఏమేం రాయాలి? ఏం దొరికింది, ఎంత, ఎక్కడ, ఏ తేదీన. నూట యాభై ఏళ్ళ కిందటి చట్టంలో కూడా ‘ఎక్కడ’ అనే కాలమ్ ఉంది! చెప్పకపోతే ఏడాది దాకా జైలు. నిజాయితీగా చెప్తే, వేరే హక్కుదారులు తేలనప్పుడు, దొరికించుకున్నవాళ్ళకి ముప్పావు వంతు, స్థలం యజమానికి పావు వంతు అనే లెక్క కూడా అందులోనే ఉంది. జైలు సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు. ముప్పావు వంతు సంగతి నేను అడిగినవాళ్ళలో ఒక్కరికీ తెలీదు.

చోటు తెలిస్తే ఏం జరుగుతుందో మన కోటిలింగాల చెప్తుంది. పాత కరీంనగర్ జిల్లాలో, గోదావరి ఒడ్డున ఆ ఊళ్ళో దొరికిన నాణేల్ని పి.వి. పరబ్రహ్మశాస్త్రి గారు పరిశీలించారు. వాటిలో శాతవాహనుల తొలిరాజు సిముకుడివీ ఉన్నాయి, అంతకుముందు ఏలిన గోబద, నారన లాంటి రాజులవీ ఉన్నాయి. అవే నాణేలు ఏ ఊరివో తెలీకుండా ఏ సేట్ కొట్టుకో చేరి ఉంటే పాతరాగి ధర పలికేవి.

ఇవన్నీ చదివాక మొన్న అమ్మమ్మకి ఫోన్ చేశాను.

“అమ్మమ్మా, తాతయ్య నాణేలు ఏ చేలో దొరికాయి?”

“ఇప్పుడెందుకు నాన్నా అవి?”

“రాసి పెట్టుకుందామని.”

కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పింది. “చెరువు కింద కాదు. మెట్టచేలో, రెండెకరాల ముక్క. పాత ఎద్దు చచ్చిపోయి కొత్త జత కొన్నాం, ఆ ఏడే. మీ అమ్మ అప్పుడు ఏడో తరగతి.”

అమ్మ ఏడో తరగతి అంటే 1989. తేదీ కాలమ్‌లో సంవత్సరమైనా వచ్చింది. రెండెకరాలంటే సుమారు 8,100 చదరపు మీటర్లు, వంద మీటర్ల గడి కన్నా చిన్నదే. అంటే ఆరు అంకెల రికార్డ్‌కి సరిపోతుంది! ఇన్నాళ్ళూ ఖాళీ అనుకున్న కాలమ్ అమ్మమ్మ దగ్గర ఉంది, నేను క్వెరీ వేయలేదంతే.

సంక్రాంతికి వెళ్ళినప్పుడు బరువు తూచి, ఫోటోలు తీసి, కలెక్టర్ ఆఫీసుకి ఒక కాగితం రాద్దామనుకుంటున్నాను. చింతపండుతో తోమిన సంగతి కూడా అందులో రాస్తాను. “పోయిన మనిషి మూట, పోలీసులూ గీసులూ అంటూ ఎందుకు తిప్పలు” అని అమ్మ ఇంకా ఒప్పుకోలేదు. అమ్మ భయం నాకు అర్థమవుతుంది. ఇంగ్లండ్‌లో చూపించిన వస్తువు చాలాసార్లు తిరిగి చేతికొస్తుంది, మనకి ఆ నమ్మకం లేదు. ఈ వ్యాసం అమ్మకి కూడా పంపుతున్నాను, చూద్దాం.

మీ ఇళ్ళల్లో కూడా ఇలాంటి మూటలు ఉండొచ్చు. తోమకండి. ఎక్కడ దొరికిందో తెలిసినవాళ్ళు ఇంట్లో ఉంటే, ఈ సెలవుల్లోనే అడిగి రాసుకోండి.