వృషణాల్లో కొవ్వు సమతుల్యత: సంతాన సామర్థ్యానికి కీలకం

కొలెస్టరాల్ అనగానే గుండెజబ్బే గుర్తొస్తుంది. కానీ కొలెస్టరాల్ లేకుంటే టెస్టోస్టిరాన్ తయారే కాదు. వృషణాల్లోని లేడిగ్ కణాలు కొలెస్టరాల్ను సన్నని బిందువులుగా నిల్వ చేసుకుని, పీయూష గ్రంథి నుంచి ఎల్‌హెచ్ అనే హార్మోను అందగానే మైటోకాండ్రియాకు చేరవేస్తాయి. టెస్టోస్టిరాన్ తయారీ అక్కడే మొదలవుతుంది.

వృషణాల్లోనే ఉండే సెర్టోలి కణాలను 1865లో ఇటలీ శాస్త్రవేత్త ఎన్రికో సెర్టోలి వర్ణించారు. శుక్రకణం రూపుదిద్దుకుంటూ వదిలేసిన కణద్రవ్యాన్ని, చనిపోయిన బీజకణాలను ఇవి మింగి, అందులోని కొవ్వును శక్తిగా వాడుకుంటాయి. ఈ పని కుంటుపడితే కొవ్వు పేరుకుపోయి శుక్రకణాల ఉత్పత్తి దెబ్బతింటుంది. కొవ్వును అదుపుచేసే ఎల్‌ఎక్స్‌ఆర్ గ్రాహకాలు లేని ఎలుకల్లో సరిగ్గా ఇదే జరిగింది.

శుక్రకణం పొరలో డీహెచ్‌ఏ అనే ఒమేగా-3 కొవ్వు ఆమ్లం పుష్కలం. స్త్రీ జననాంగ మార్గంలో ఆ పొర నుంచి కొలెస్టరాల్ తొలగితేనే శుక్రకణానికి ఫలదీకరణ సత్తా వస్తుంది. ఇదే కెపాసిటేషన్. దీన్ని 1951లో చాంగ్, ఆస్టిన్ అనే శాస్త్రవేత్తలు విడివిడిగా గుర్తించారు. పరీక్షల్లో అడగదగిన ప్రశ్న ఇది.

ఇలాంటి కొవ్వులను విడదీసి కొలిచే పరికరం మాస్ స్పెక్ట్రోమీటర్. 

పరీక్షల్లో అభ్యర్థులు తడబడే చోటు ఒకటుంది: లేడిగ్ కణాలపై పనిచేసేది ఎల్‌హెచ్, సెర్టోలి కణాలపై మరో హార్మోను ఎఫ్‌ఎస్‌హెచ్.