బీమా కార్డులో పేర్లకు ఓచర్లు ఏవి?



బి.కాం. ఆడిటింగులో ‘ఓచింగ్’ అనే పాఠం ఉంటుంది. ప్రతి పద్దుకూ ఓచరు ఉండాలి. బ్యాంకు గుమస్తాగా నేను చేసిన పని చాలావరకు అదే. కంపెనీల ఆరోగ్య బీమాకు దీన్నెలా వర్తింపజేస్తారో చూద్దాం. కోవిల్‌పట్టి అగ్గిపెట్టెల ఫ్యాక్టరీల్లో, విరుదునగర్ నూనె మిల్లుల్లో పనిచేసే తల్లిదండ్రులూ దీన్ని చదవాలని మనవి.

ఉద్యోగి రాయించిన ప్రతి పేరూ ఒక పద్దు. జనన ధ్రువపత్రం, వివాహ పత్రం, రేషను కార్డు దానికి ఓచర్లు. ఒక మిల్లులో 200 మంది ఉద్యోగులు, కుటుంబాలతో కలిపి 800 పేర్లు, ఏడాది వైద్య ఖర్చు 40 లక్షలు అనుకుందాం. సగటున పేరుకు 5,000. తనిఖీలో అర్హత లేని 40 పేర్లు బయటపడితే 2 లక్షలు మిగిలినట్టేనా? పరీక్షలో చాలామంది ఇక్కడే ఆగిపోతారు. వయసు దాటినా కార్డులో మిగిలిపోయిన ఆరోగ్యవంతుడైన కుర్రవాడు ఆసుపత్రి గడపే తొక్కి ఉండడు. ఆపరేషను కోసమని చేర్పించిన దూరపు బంధువు ఒక్కరే లక్ష వాడి ఉండవచ్చు. కాబట్టి సగటు చాలదు, ఆ 40 పేర్ల క్లెయిములు విడిగా తీయాలి. తనిఖీకి అయిన ఖర్చునూ తీసివేయాలి.

ఇ.యస్.ఐ. సంగతి వేరు. 2019 జూలైలో యజమాని వాటా జీతంలో 3.25 శాతానికి, ఉద్యోగి వాటా 0.75 శాతానికి తగ్గాయి. పేర్లు పెరిగినా చందా పెరగదు, కానీ నిధి అందరిదీ. చదువుకునే కొడుకుకు 21 ఏళ్లు నిండేవరకే అర్హత. పెళ్లికాని కూతురికి ఆ పరిమితి లేదు. 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్ ప్రకారం, ఆదాయ పరిమితికి లోబడి, మహిళా ఉద్యోగి మీద ఆధారపడిన అత్తమామలు కూడా కుటుంబమే. ఇది చాలామందికి తెలియదు.

అసలు చిక్కు మన పేర్లతో. ఇక్కడి కాగితాల్లో మనకు ఇంటిపేరు ఉండదు, ఇనిషియలే. అమ్మ ఇనిషియల్ ఒకచోట ఆమె తండ్రిది, మరోచోట భర్తది. తమిళంలో గ, క లకు ఒకే అక్షరం కనుక ఒక పత్రంలో గోవిందమ్మాళ్, ఇంకోదానిలో కోవిందమ్మాళ్. తనిఖీ చేసేవారికి ఇద్దరు మనుషులుగా కనిపిస్తారు. అర్హురాలైన తల్లి పేరు అలా కొట్టేస్తే, కంపెనీ లెక్కలో మిగులుగా కనిపించే మొత్తాన్ని ఆ ఇంటివాళ్లు వడ్డీకి తెచ్చి కడతారు.

అమెరికాలో చాలా కంపెనీలు తనిఖీకి ముందు కొంత గడువిచ్చి, తామే పేర్లు తీసేయించుకున్నవారిని ఏమీ అనవు. నాకది నచ్చింది. మీ ఇంటికి నోటీసు వస్తే, పేరు తేడాకు అఫిడవిట్ తయారయ్యేవరకు గడువు కోరుతూ ఉత్తరం ఇచ్చి, నకలు మీద తేదీతో సంతకం తీసుకోండి.