పెండ్లి ఉంగరము - వ్రేలి మీద మచ్చ

మా తిరుపతి, చిత్తూరు ప్రాంతములలో పెండ్లినాటి ఉంగరమును, మెట్టెలను తీయుట అశుభమని తలచు కుటుంబములు నేటికీ ఎన్నో కలవు. ఆ భావనను నేను గౌరవిస్తాను. కాని వ్రేలు పుండు పడుతున్నా ఉంగరము తీయుటకు జంకే సోదరీమణులను చాలామందిని చూచాను. వారి కొరకే ఈ వ్యాసము.

చాలా ఏళ్ళ క్రిందట చిత్తూరు సమీప గ్రామము నుండి ఒక అత్తగారు తన కోడలిని తీసుకొని వచ్చినది. ఉంగరపు వ్రేలి మొదట ఎరుపు, దురద, చిన్న నీటి పొక్కులు. పిత్త ప్రకోపమని నిర్ణయించి రెండు నెలలు మందులు ఇచ్చాను. గుణము కనపడలేదు. ఉంగరము తీసి చూద్దామంటే, "పెండ్లిలో పెట్టింది, ఎట్ల తీసేది సామీ?" అన్నది అత్తగారు. నేను పట్టుబట్టలేదు. తరువాత ఆ అమ్మాయి పురిటికి పుట్టింటికి వెళ్ళినది. నెలలు నిండుతుండగా వ్రేళ్ళు వాచి ఉంగరము తీయవలసి వచ్చినది. మూడు వారములలో వ్రేలు మామూలైనది. ప్రసవమైన తరువాత మరల తొడిగిన రెండవ నాటికే దురద తిరిగి వచ్చినది. కంసాలి గీటురాయి మీద గీసి చూడగా, పైన బంగారు పూత, లోపల జర్మన్ సిల్వర్ అని తేలినది. నేను వ్రేలు చూచాను, నాడి చూచాను, ఉంగరమును మాత్రము చూడలేదు. నిదాన పరివర్జనము, అనగా కారణమును తొలగించుటయే మొదటి చికిత్స అని గురుకులములో నేర్చిన పాఠమును ఆ అమ్మాయి వ్రేలు నాకు మరల నేర్పినది.

మచ్చలు మూడు విధములు

1. ఆకుపచ్చ మరక: ఇది రాగి వలన కలుగును. చెమటలోని ఉప్పు, ఆమ్లములు తగిలి రాగికి చిలుము పట్టును. పులుసు నిలువ ఉంచిన రాగి పాత్రకు పట్టునది ఇదే. కడిగితే పోవును. ఇది రోగము కాదు.

2. నల్లని మరక: వెండి గంధకముతో కలిసి నల్లబడును. రెండు లోహములు ఒరసికొన్నప్పుడు రాలిన సన్నని పొడి కూడా చర్మమును నల్లగా చేయును. భర్తకు కీడనియో, కోడలి ఒంట్లో వేడి అనియో దీనికి అర్థము చెప్పకూడదు.

3. దురద, ఎరుపు, పొక్కులు: ఇది మరక కాదు, వ్యాధి. ఉంగరము క్రింద నిలిచిన సబ్బు, తడి ఒక కారణము. నికెల్ అను లోహము పడకపోవుట రెండవది. జర్మన్ సిల్వర్ అను పేరులో వెండి ఉన్నను లోహములో వెండి లేదు. ఉన్నవి రాగి, నికెల్, తుత్తునాగము. నికెల్ ఒకసారి పడకపోతే ఆ గుణము సాధారణముగా జీవితాంతము ఉండును. చర్మవైద్యులు ప్యాచ్ పరీక్షతో దీనిని నిర్ధారిస్తారు.

లోహముల కలయిక, అరుగుదల

పంచలోహమను పేరును బట్టి ఉంగరములోని లోహములు తెలియవు. రసశాస్త్రములో కంచు, రాగి, ఇత్తడి, ఇనుము, సీసము కలిసిన వర్తలోహమునకు ఆ పేరు కలదు. విగ్రహములకు వాడు పంచలోహము వేరు. 22 కారట్ల బంగారములో 91.6 శాతము, 18 కారట్లలో 75 శాతము మాత్రమే పసిడి. 2021 జూన్ 16 నుండి దశలవారీగా తప్పనిసరియైన హాల్‌మార్క్ బంగారపు స్వచ్ఛతను తెలుపును గాని, కలిపిన ఇతర లోహములను తెలుపదు.

మెత్తని బంగారు ఉంగరము ప్రక్కన గట్టి లోహపు ఉంగరము ధరిస్తే బంగారము అరుగును. పూత ఉంగరములు అరచేతి వైపు ముందుగా అరుగును. అచ్చట లోపలి లోహము బయటపడి చర్మమును తాకును.

చేయవలసినవి

* ఉంగరము తీసి, వ్రేలిని నీటితో కడిగి, పూర్తిగా ఆరనివ్వవలెను. పొడి చర్మమునకు కొబ్బరినూనె చాలును.
* పొక్కులు చెమ్మ కారుతుంటే రెండు చెంచాల త్రిఫల చూర్ణమును రెండు గ్లాసుల నీటిలో వేసి ఒక గ్లాసు మిగులునట్లు కాచి, వడగట్టి, చల్లార్చి, శుభ్రమైన గుడ్డ తడిపి పది నిమిషములు కట్టవలెను. దినమునకు రెండుసార్లు చాలును. మంట పెరిగితే మానవలెను.
* నిమ్మరసము, సున్నము, వెల్లుల్లి రాయకూడదు.
* అంట్లు తోమునప్పుడు, బట్టలు ఉతుకునప్పుడు ఉంగరము తీసి ఉంచవలెను.
* పూత ఉంగరమును చింతపండు, విభూతితో రుద్దకూడదు.
* వ్రేలు వాచి ఉంగరము బిగిస్తే ఆలస్యము చేయక తీయించవలెను. చీము, జ్వరము ఉన్నవారు, మధుమేహ రోగులు వెంటనే వైద్యుని చూడవలెను.

ఆ అమ్మాయి అత్తగారు తరువాత ఏమి చేసినదో చెప్పి ముగిస్తాను. పాత ఉంగరమును పసుపు దారమునకు కట్టి దేవుని గూటిలో ఉంచినది. కోడలికి నికెల్ కలపని సన్నని బంగారు ఉంగరము చేయించినది. అటు ఆచారమూ నిలిచినది, ఇటు వ్రేలూ మానినది.